చక్కెర మిల్లులో షాగిర్దీ

మన ఇళ్లల్లో పిల్లవాణ్ని ఉస్తాద్ చేతికి అప్పజెప్పడం కొత్త ముచ్చటేం కాదు. స్కూలు మానేసిన పదమూడేళ్ల పోరణ్ని వెంటబెట్టుకుని మెకానిక్ షెడ్డు ముందు నిలబడి, "గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ" అని చెప్పి వచ్చేస్తాం. కండ మీరు ఉంచుకోండి, ఎముకలు మాత్రం మాకియ్యండి అని. ఆ పోరడు ఆర్నెల్లు చాయ్ గ్లాసులు మోస్తాడు, పానాలు అందిస్తాడు, దెబ్బలు తింటాడు. ఐదారేళ్లకు ఇంజన్ విప్పి బిగించడం వస్తుంది. అప్పటికి చేతిలో హునర్ ఉంటుంది, జేబులో కాగితం ఉండదు. ఆ బజార్ దాటితే ఆ హునర్‌ను నమ్మేవాడూ ఉండడు.

ఇదే షాగిర్దీకి సర్కారీ కానూన్ ఒకటుంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం. అందులో రెండు వైపులా దస్తఖత్ చేసే ఒప్పందం ఉంటుంది, నెలనెలా వజీఫా ఉంటుంది, చివర్లో ఇమ్తెహాన్, సర్టిఫికెట్ ఉంటాయి. మన బస్తీల్లో చాలామందికి ఇది తెలియదు. తెలిసినవాళ్లకు భరోసా లేదు. "సాలంతా చేయించుకుని పొమ్మంటరు" అంటారు. ఆ మాటలో సచ్చాయీ లేకపోలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నాకు దీని మీద మాట్లాడే హక్ ఎక్కడిదంటే, నేను బోధన్‌వాణ్ని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే శక్కర్‌నగర్‌వాణ్ని. మా మొహల్లా పేరులోనే చక్కెర ఉంది. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది, కాలువల వెంట చెరకు పచ్చగా లేచింది, ఆ చెరకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మా చిన్నప్పుడు ఇంట్లో గడియారం ఉన్నా లేకున్నా ఫర్క్ పడేది కాదు. ఫ్యాక్టరీ భోంగా మోగితే అమ్మీ పొయ్యి మీద చావల్ పెట్టేది. మా అబ్బా బాయిలర్ మీద పనిచేసేవాడు. సీజన్ నడిచినన్నాళ్లూ ఆయన బట్టల్లోంచి పిప్పి పొగ, పాకం కలిసిన ఒక వాసన వచ్చేది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఇప్పుడు ఎక్కడన్నా చెరకు రసం బండి పక్కన నిలబడితే నాకు అబ్బా యాదికొస్తాడు.

నేను ఐటీఐలో ఫిట్టర్ పాసై, 1992లో ఆ ఫ్యాక్టరీలోనే ఏడాది అప్రెంటిస్‌గా చేరాను. జూన్ నెల. గానుగ ఆడేది నవంబర్ నుంచి మార్చి, ఏప్రిల్ దాకానే గదా. జూన్‌లో లోపలికి వెళ్తే మిల్లు సన్నాటాగా ఉంది. నాకు లోపల నిరాశే అయింది. చక్రాలు తిరుగుతుంటాయని, ఆవిరి లేస్తుంటుందని ఊహించుకుని వెళ్లినవాణ్ని. కానీ చక్కెర మిల్లులో నేర్చుకునేవాడికి అసలు మౌసమ్ అదే. సీజన్‌లో మిల్లు ఆగకూడదు, కాబట్టి ఎవరూ ఏదీ విప్పి చూపించరు. ఆఫ్ సీజన్‌లో అంతా విప్పేస్తారు. టన్నుల కొద్దీ బరువుండే రోలర్లను క్రేన్‌తో లేపి పక్కన పడుకోబెడతారు. గేర్లు, పంపులు, వాల్వులు, గొలుసులు అన్నీ నేల మీద పరుచుకుని ఉంటాయి. పెళ్లి మరుసటి రోజు దేగ్‌లు కడగడానికి వాకిట్లో పరిచినట్లు.

మాకు పని నేర్పినాయన్ను అందరం చాచా అనేవాళ్లం. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. చిన్నతనంలో వేరేచోట ఏదో గానుగలో పోయిందట. ఆయన దస్తఖత్ ఉర్దూలో ఒక్కటే చేయగలడు. డ్రాయింగు మాత్రం మా కంటే బాగా చదివేవాడు. మొదటి రోజు నా చేతికి ఒక స్క్రేపర్ ఇచ్చాడు. రోలర్ తిరిగే బేరింగులు రెండు చెక్కల్లా ఉంటాయి. రోలర్ ఇరుసుకు నీలం రంగు పల్చగా పూసి, దాని మీద బేరింగును కూర్చోబెట్టి ఒకసారి తిప్పి తీస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడే నీలం అంటుకుంటుంది. ఆ మచ్చను స్క్రేపర్‌తో సన్నగా గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ కూర్చోబెట్టడం, మళ్లీ గీకడం. మచ్చలు బేరింగు అంతటా సమంగా పరుచుకునేదాకా. ఒక్క బేరింగుకు నాకు నాలుగు రోజులు పట్టింది. మూడోరోజు విసుగొచ్చి, "చాచా, ఇత్నా కైకు? తిరిగితే అదే అరిగి సరవుతది గదా" అన్నాను.

"అరిగేలోపల కాలుతది బేటా," అన్నాడు. "జనవరిల నడిరాత్రి బేరింగు కాలి మిల్లు ఆగితే, బయట బండ్ల మీద చెరకు ఎండుతుంటది. ఆ రైతు పేరు నీకు తెల్వది, నీ పేరు ఆయనకు తెల్వది. కానీ నష్టం నీ చేతిలకెల్లి పోతది."

రిజ్క్ హలాల్ కావడం అంటే ఏమిటో జుమా ఖుత్బాల్లో చాలాసార్లు విన్నాను. నాకు నిజంగా అర్థమైంది ఆ బేరింగు దగ్గరే.

నవంబర్ వచ్చి గానుగ మొదలయ్యాక ఆయన నన్ను మిల్లు పక్కన నిలబెట్టి చూపించినవి ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. చెరకును ముందు కత్తులతో నరికి, చీల్చి నార చేస్తారు. ఆ నార మూడేసి రోలర్ల మిల్లుల వరుసలోంచి పోతుంది. చివరి మిల్లు దగ్గర వేడినీళ్లు చల్లుతారు, నారలో దాగిన తీపి కడిగి తేవడానికి. పై రోలర్‌కు, లోపలికి తీసుకునే రోలర్‌కు మధ్య సందు ఎక్కువ. బయటికి పంపే రోలర్ దగ్గర దాదాపు అందులో సగమే. ఆ రెండింటి మధ్య ట్రాష్ ప్లేట్ అని ఒక ఇనుప పలక. అది కాస్త ఎత్తయితే మిల్లు బరువెక్కి మొరాయిస్తుంది, కాస్త తగ్గితే పిప్పి సరిగ్గా ముందుకు సాగదు. ఈ సందులు సరిగ్గా కుదరకపోతే రసం పిప్పిలోనే ఉండిపోయి బాయిలర్లో కాలిపోతుంది. వంద కిలోల చెరకు నుంచి వచ్చే చక్కెర సుమారు పది కిలోలు. ముప్పై కిలోల దాకా పిప్పి. ఆ పిప్పి కాలితేనే ఆవిరి, ఆ ఆవిరితోనే టర్బైన్, టర్బైన్ వదిలేసిన ఆవిరితోనే రసం మరగడం. ఫ్యాక్టరీ తన పొట్టతోనే తన పొయ్యి వెలిగించుకుంటుంది. ఈ హిసాబ్ మా అబ్బాకు అంకెలతో రాదు, కానీ మంట రంగు చూసి పిప్పిలో తేమ ఎంతుందో చెప్పేవాడు.

ఇక పాన్‌హౌజ్. నాది ఫిట్టర్ ట్రేడ్ కాబట్టి అక్కడ నాకు పనిలేదు, అయినా ఖాళీ దొరికితే మెట్లెక్కి పోయేవాణ్ని. సున్నం, గంధకపు పొగతో శుభ్రమైన రసం, ఆవిరి పాత్రల్లో చిక్కబడి, చివరికి పాన్‌లోకి వస్తుంది. లోపల గాలి తీసేసి ఉంచుతారు కాబట్టి తక్కువ వేడికే మరుగుతుంది, మాడదు. పాన్‌మన్ ఒక పొడవాటి ఇత్తడి కడ్డీ లోపలికి దూర్చి చుక్కంత బయటికి తీసి, అద్దం ముక్క మీద రాసి బల్బుకెదురుగా పట్టుకుని చూసేవాడు. గింజ కట్టిందా, ఎంత కట్టింది, కొత్త గింజ అనవసరంగా పుడుతోందా అని. ఆపైన వేలికీ బొటనవేలికీ మధ్య సాగదీసి తీగ చూసేవాడు. ఈద్ నాడు షీరా కోసం అమ్మీ చూసే ఏక్ తార్, దో తార్ ఇదే గదా అనిపించి నవ్వొచ్చింది. ఆ సంగతి చెప్తే పాన్‌మన్‌కు నవ్వు రాలేదు. "మీ అమ్మీ ఒక కిలో చూస్తది, నేను టన్నులు చూస్తున్న" అన్నాడు. నిజమే. ఆయన చెయ్యి ఒక్కసారి తప్పితే ఆ పాన్ మొత్తం కరిగించి మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పుడు మీటర్లు, కంప్యూటర్ తెరలు వచ్చాయి. అయినా పేరున్న పాన్‌మన్‌ను మిల్లులు ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తాయి.

ఆ ఏడాది రంజాన్ ఫిబ్రవరి చివర్లో మొదలైంది, అంటే నిండు సీజన్. మిల్లు దగ్గర రోజా ఉండటం బయట ఉన్నంత సులువు కాదు. సాయంత్రం మగ్రిబ్ వేళకు చాచా మాకు వంతులు వేసేవాడు. రోజా లేని తోటి ఫిట్టర్లు అడక్కుండానే వచ్చి మా జాగాలో నిలబడేవాళ్లు. పది నిమిషాలు. ఖజూర్, నీళ్లు, నమాజ్, మళ్లీ మిల్లు. వాళ్ల దసరాకు మేం నిలబడ్డాం కాబట్టి ఇందులో ఎహ్సాన్ ఏమీ లేదనుకునేవాళ్లు.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్లో బోధన్, మెట్‌పల్లి, మెదక్ మూడు యూనిట్లకూ లే ఆఫ్ ప్రకటించారు. ప్రతి ఎలక్షన్‌కూ తెరుస్తామనే మాట వినిపిస్తుంది. భోంగా మాత్రం వినిపించదు. నేను అప్పటికే అక్కడ లేను, అప్రెంటిస్ అయ్యాక పవర్ ప్లాంటు పనిలోకి పోయాను. కానీ నాతో నేర్చుకున్నవాళ్లు ఏమయ్యారో చూస్తే ఒక సంగతి కనబడుతుంది. కాగితం, హునర్ రెండూ ఉన్నవాళ్లు కర్ణాటక, మహారాష్ట్ర మిల్లులకు పోయారు, ఆఫ్రికా మిల్లులకు పోయినవాళ్లూ ఉన్నారు. హునర్ ఒక్కటే ఉండి కాగితం లేనివాళ్లలో ఇద్దరు బోధన్ బస్టాండ్ దగ్గర ఆటో నడుపుతున్నారు. పని తెలియక కాదు. ఒకరికి బాయిలర్ మీద ఇరవై ఏళ్ల తజుర్బా ఉంది, కానీ బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఇమ్తెహాన్ ఎన్నడూ రాయలేదు. ఆ సర్టిఫికెట్ లేనివాడి చేతికి బాయిలర్ అప్పజెప్పడానికి కానూన్ ఒప్పుకోదు. "ఊర్లనే ఉంటం గదా, ఎందుకు రాయాలె" అనుకున్నాడు పాపం.

మా ఆపా కొడుకు కిందటేడు ఐటీఐ ఫిట్టర్ పాసయినప్పుడు ఇంట్లో బహస్ మొదలైంది. దుల్హేభాయ్ సౌదీ వీజా మాట్లాడి పెట్టాడు. ఆపా మొబైల్ షాపు అంది. నేను చక్కెర మిల్లు అప్రెంటిస్ అన్నాను. ఆపా నన్ను చూసిన చూపు రాయలేను. "మన ఊరి మిల్లే మూతబడ్డది, వాణ్ని ఇంకో మిల్లుకు తోలుతవా? నెలకు ఏడు వేలకు?" అంది. 2019లో సవరించిన నియమాల్లో ఐటీఐ పాసైనవాళ్లకు కనీస వజీఫా అంతే, ఏడు వేలు. ఆపా లెక్క తప్పు కాదు. మొబైల్ షాపులో అంతకంటే ఎక్కువే వస్తుంది, మొదటి ఏడాది.

నేను చెప్పింది ఒక్కటే. మిల్లు చక్కెరదైనా, వాడు నేర్చేది చక్కెర ఒక్కటే కాదు. బాయిలర్, టర్బైన్, పంపులు, గేర్లు, వెల్డింగ్, ఇవన్నీ ఒకే కాంపౌండులో వేరే ఏ ఫ్యాక్టరీలో దొరుకుతాయి? పైగా ఏటా నాలుగైదు నెలలు అన్నీ విప్పి చూపించే ఫ్యాక్టరీ?

చివరికి వాడు జూన్‌లో ఒక ప్రైవేటు మిల్లులో చేరాడు. పేరు వద్దు. ఆ టౌన్‌లో గది కోసం తిరిగితే, ఒకచోట టు లెట్ బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది, పేరు అడిగి "ఖాళీ లేదు బాబూ" అన్నారు. ఇది మనవాళ్లకు వివరించాల్సిన పని లేదు. రెండోచోట, మూడోచోట అదే. ఆఖరికి ఆ మిల్లులోనే పనిచేసే యూపీ పాన్‌మన్ ఒకాయన, తెలుగు ముక్క రాదు, తన గదిలోనే సగం జాగా ఇచ్చాడు.

మిల్లులో మాత్రం రెండు నెలలు వాడి చేతికి ఝాడూ ఇచ్చారు. పిప్పి ఊడ్చడం, రెయిలింగులకు రంగు, తుక్కు మోయడం. పక్కనే రోలర్లు విప్పుతుంటే వీడు బకెట్టు పట్టుకుని చూస్తున్నాడు. ఆఫ్ సీజన్‌లో వాడికి దొరికేదే నాలుగైదు నెలలు, అందులో రెండు అట్లా పోయాయి. ఫోన్‌లో ఏడ్చినంత పనిచేశాడు. "మామూ, వాపస్ ఆజాతూఁ" అన్నాడు. ఆపా పక్కనుంచి ఫోన్ లాక్కుని, "ఝాడూ కొట్టేటందుకు ఐటీఐ దాక చదివిచ్చిన్నా?" అని నా మీద పడింది.

వచ్చెయ్యొద్దన్నాను. అప్రెంటిస్ రోజూ చేసిన పని రాసుకునే నోట్‌బుక్ ఒకటుంటుంది. అందరూ నెలాఖరుకు కూర్చుని "బేరింగ్ అలైన్‌మెంట్, పంప్ ఓవరాలింగ్" అని కాపీ కొట్టి నింపేస్తారు. నువ్వు మాత్రం నిజం రాయి, తారీఖు వేసి రాయి అన్నాను. వాడు రాశాడు. "ఈ రోజు నం. 2 కన్వేయర్ కింద పిప్పి ఊడ్చాను." "ఈ రోజు గోడౌన్ మెట్లకు రంగు వేశాను." పన్నెండు పేజీలు. ఆ నోట్‌బుక్ సంతకం కోసం ట్రైనింగ్ ఆఫీసర్ ముందు పెట్టాడు, అదబ్‌తో, ఒక్క మాట ఎదురు మాట్లాడకుండా. ఆయన నాలుగు పేజీలు తిప్పి, ఐదోది తిప్పలేదట. అట్లాంటి పేజీల కింద దస్తఖత్ చేస్తే రేపు అడిగేది ఆయన్నే. మరుసటి సోమవారం వాణ్ని మిల్లు హౌజ్‌లో వేశారు.

ఇక్కడే కానూన్ సంగతి చెప్పాలి. ముప్పై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట మొత్తం మందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వాళ్లకిది భారం కాబట్టి కొందరు అప్రెంటిస్‌ను సస్తా మజ్దూర్‌గా చూస్తారు. చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, నేర్చుకునేవాడు. అంటే పీఎఫ్ లాంటివి వర్తించవు, ఏడాది అయ్యాక నౌకరీ ఇచ్చి తీరాలనీ లేదు. సాలంతా చేయించుకుని పొమ్మంటారనే మాటలో సచ్చాయీ ఇదే. కానీ అదే చట్టం, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం కార్మికుడితో సమానంగా ఇమ్మంటుంది. భద్రత నియమాలు వర్తిస్తాయంటుంది. ఒప్పందం మీద తగాదా వస్తే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు రాసుకోవచ్చంటుంది. మనం ఒప్పందం చదవకుండా దస్తఖత్ చేస్తాం, నికాహ్‌నామాలాగే. తర్వాత కిస్మత్‌ను తిడతాం.

ఆపా ఇంకో సవాల్ కూడా వేసింది, ఇది చాలా ఇళ్లల్లో వచ్చేదే. మొలాసిస్ నుంచి షరాబ్ తీస్తారు గదా, ఆ జీతం హలాలేనా అని. చక్కెర చేసే మిల్లు హౌజ్, డిస్టిలరీ రెండూ వేరు వేరు విభాగాలు. మా భాంజా డిస్టిలరీ వైపు వెయ్యొద్దని ముందే అడుక్కున్నాడు, వాళ్లూ మాన్‌లిచ్చారు. ఇప్పుడు చాలా మిల్లుల్లో పెట్రోల్‌లో కలిపే ఇథనాలే ఎక్కువ చేస్తున్నారు. దాని మస్‌అలా ఏమిటో మీ ఆలిమ్‌లను అడగండి. నేను ఫిట్టర్‌ను, ముఫ్తీని కాను.

ఈ ఏడాది రంజాన్ మళ్లీ ఫిబ్రవరిలోనే వచ్చింది. ముప్పై మూడేళ్లలో చాంద్ లెక్క ఒక చుట్టు పూర్తిగా తిరిగి అదే మౌసమ్‌కు చేరింది. వాడు సాయంత్రం డ్యూటీలో ఇఫ్తార్ ఎట్లా చేస్తున్నాడో అని ఆపా దిగులు. పాన్‌మన్ సాబ్ రోజూ సంచిలో రెండు అరటిపళ్లు తెచ్చి పెడుతున్నాడని వాడు చెప్పాడు. ఆయన దగ్గరే ఖాళీ దొరికినప్పుడు తీగ చూడటం కూడా నేర్చుకుంటున్నాడు. ట్రేడ్ ఫిట్టర్ అయినా, పాన్ వైపే వాడి దిల్ లాగుతున్నట్లుంది. అట్లయితే కాన్పూర్‌లో 1936 నుంచి నడుస్తున్న నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పుణె దగ్గర మంజరిలో వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మన పిల్లల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చేసి బీఈడీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న అమ్మాయిలు కూడా ఈ రెండు పేర్లు రాసి పెట్టుకోవాలి. చక్కెర మిల్లులో ల్యాబ్ లేకుండా ఒక్క బస్తా బయటికి పోదు.

మీ ఇంట్లో ఐటీఐ పాసైన పిల్లవాడుంటే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు ఇప్పుడే నమోదు చేయించండి. మిల్లు గనక అయితే మే, జూన్‌లో చేరేట్లు చూడండి, డిసెంబర్లో చేరితే తిరిగే చక్రాలు తప్ప ఏమీ కనబడవు. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వజీఫాలో సర్కారు వాటా నేరుగా ఆధార్ కలిపిన ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా పిల్లవాడి పేరు మీదే తీయించండి, అబ్బా పేరు మీద కాదు.